ఉప్పునీటి అక్వేరియంలో గాజు పువ్వుల బెడద
చూడ్డానికి అందం.. పెరిగితే చేపలకు, పగడాలకు గండం

చార్మినార్: పాతబస్తీలో పెంపుడు ప్రాణుల అభిరుచి తరతరాల నాటిది. పావురాలు, చిలుకలు కావలసినవారు నేటికీ ముర్గీచౌక్ దారి పడతారు. మంచినీటి చేపల తొట్టెలు ఇక్కడ సర్వసాధారణం. ఉప్పునీటి అక్వేరియం మాత్రం ఖర్చుతో, ఓపికతో కూడుకున్న వ్యవహారం. బందరు సముద్రం రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది కాబట్టి లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కృత్రిమ సముద్రపు ఉప్పును కలిపి నీటిని ఇంట్లోనే సిద్ధం చేసుకోవాలి. ఇంత శ్రమపడి నిలబెట్టుకున్న తొట్టెను నెలల వ్యవధిలో ఆక్రమించే జీవి ఒకటుంది. అదే ఐప్టేషియా అనే చిన్న సముద్ర అనిమోన్. పారదర్శకంగా ఉండటంతో దీనిని గాజు అనిమోన్ అనీ పిలుస్తారు.

గుర్తించడం ఇలా..

ఇది పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న హైడ్రాకు దూరపు బంధువు. సన్నని కాడ, దానిపై పళ్లెం వంటి నోరు, చుట్టూ కొనదేలిన పొడవాటి స్పర్శకాలు ఉంటాయి. సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. లేత గోధుమ రంగులో ఉండి, వెనుక ఉన్న రాయి కనిపించేంత పలుచగా ఉంటుంది. పుల్లతో తాకితే రెప్పపాటులో రాతి సందులోకి ముడుచుకుపోతుంది. కొన్ని గొట్టపు పురుగులు కూడా ఇలాగే ముడుచుకుంటాయి. అయితే వాటి తల ఈకల కుచ్చులా ఉంటుంది, ఒంటి చుట్టూ గొట్టం ఉంటుంది. వాటితో హాని లేదు.

మజానో అనేది మరో రకం. దీని స్పర్శకాలు పొట్టిగా, లావుగా, చివర్లు ఉబ్బి ఉంటాయి. ఆకుపచ్చ, గులాబీ ఛాయల్లో ముద్దుగా కనిపించడంతో కొత్తవారు ఖరీదైన అనిమోన్‌గా పొరబడి మేపుతారు.

ఐప్టేషియా స్పర్శకాల్లో దంశకణాలుంటాయి. వాటితో పక్కనున్న పగడాలను కాల్చి, వాటి చోటును ఆక్రమిస్తుంది. నెమ్మదిగా కదిలే నీటిగుర్రాలకు, చిన్న రొయ్యలకు కూడా ముప్పే. మనిషి చేతికి తగిలితే సాధారణంగా కొద్దిపాటి మంటతో పోతుంది.

కోస్తే మరింత చేటు

చాలామంది చేసే పని కత్తితో గీకేయడం. అంతకంటే చేటు మరొకటి లేదు. రాతికి అంటుకున్న పాదం నుంచి రాలిన చిన్న ముక్క కూడా కొత్త జీవిగా ఎదుగుతుంది. దీని ఒంట్లో నివసించే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడతాయి. ఆ శైవలాలు పోయినా, తొట్టెలో మిగిలిన మేతతో చీకటి ఫిల్టరు గదిలోనూ బతికేస్తుంది. ఎండాకాలంలో కరెంటు పోయి చిల్లర్ ఆగితే ముందు దెబ్బతినేది పగడాలే. ఈ మొండి గుణం వల్లనే శాస్త్రవేత్తలు పగడాలపై పరిశోధనలకు దీనిని నమూనా జీవిగా ఎంచుకున్నారు. 2015లో దీని జన్యుపటాన్ని సైతం ప్రచురించారు.

సున్నంతో చికిత్స

ఒకటి రెండు కనిపించినప్పుడే స్పందించాలి. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడును, అంటే సున్నాన్ని, కొద్ది నీటితో చిక్కగా కలపాలి. పంపులు ఆపి, సిరంజితో నెమ్మదిగా దాని నోటిమీద, చుట్టూ పడేలా వదలాలి. పావుగంట తర్వాత పంపులు వేయవచ్చు. సున్నపు ద్రావణం పీహెచ్ 12 దాటుతుంది. తొట్టె నీటికి ఉండవలసింది 8.1 నుంచి 8.4. అందుకే రోజుకు మూడు నాలుగింటికి మించి చికిత్స చేయరాదు. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాన్‌దాన్‌లోని సున్నం మాత్రం వాడవద్దు, అందులో ఇంకేం కలిసి ఉంటుందో చెప్పలేం. రాగి మందులు వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి.

సంఖ్య పదులు దాటితే సిరంజితో పని కాదు. అప్పుడు దాన్ని తినే ప్రాణులే దిక్కు. పశ్చిమ అట్లాంటిక్‌కు చెందిన పెప్పర్‌మింట్ రొయ్య చిన్నవాటిని తింటుంది. మేత ఎక్కువైతే అటు చూడదు. మజానోను సాధారణంగా ముట్టదు. దీని పేరుతో ఎర్ర చారల మధ్య తెల్లని గీతలుండే ఒంటె రొయ్యను అంటగట్టే ప్రమాదముంది. అది పగడాలనే కొరుకుతుంది. బెర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్ ఐప్టేషియాను తప్ప మరొకటి తినదు. అది అయిపోగానే ఆకలితో చనిపోతుంది కనుక ముందే మరో తొట్టెకు మార్చాలి. కాపర్‌బ్యాండ్ సీతాకోక చేప కూడా తింటుంది గానీ, చిన్న తొట్టెలో బతికించడం కష్టం. రెండడుగుల తొట్టె కోసం దాన్ని కొనడం డబ్బు, చేప రెండూ పోగొట్టుకోవడమే.

రాతితోనే రాక

ఈ బెడద ఎక్కువగా ‘లైవ్ రాక్’ అనే పగడపు రాయితోనో, కొత్త పగడపు ముక్కతోనో ఇంట్లోకి వస్తుంది. ఇక్కడ చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. 2022 సవరణ తర్వాతా అవి అందులోనే ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలోనో, అండమాన్‌లోనో తవ్వి తెచ్చిన పగడపు రాయిని అమ్మినా, కొన్నా నేరమే. మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పింగాణీతోనో, సిమెంటుతోనో చేసిన కృత్రిమ రాళ్లు వాడితే చట్టభయం ఉండదు, ఐప్టేషియా వచ్చే ప్రధాన దారీ మూసుకుపోతుంది. సిమెంటు రాళ్లను మాత్రం కొన్ని వారాలు మంచినీటిలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండాలి.

ఇప్పటికే తొట్టెనిండా పాకిన రాళ్లను పొయ్యిమీద ఉడకబెట్టే ఆలోచన చేయరాదు. వాటిపై జొవాంథిడ్ జాతి జీవులుంటే పాలీటాక్సిన్ అనే తీవ్ర విషం ఆవిరితో పాటు గాలిలో కలుస్తుంది. ఇలా కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన ఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. అలాంటి రాళ్లను తొడుగులు వేసుకొని బయటకు తీసి, పిల్లలకు అందకుండా మేడమీద కొన్ని వారాలు ఎండబెట్టాలి. తర్వాత బ్రష్షుతో తడిపి రుద్ది, కడిగి, మళ్లీ ఆరబెట్టి వాడుకోవచ్చు.