ఎనభై నాలుగు సూదులు

ఆగస్టు 8 అంతర్జాతీయ పిల్లుల దినోత్సవం. ఆ సంగతి అనుబంధం సంపాదకులకు ఏటా జూలై ఆఖర్లో గుర్తొస్తుంది. ఈసారి ఫోను నాకొచ్చింది. "మలేషియాలో మీవాళ్లున్నారు కదా, అక్కడి పిల్లుల చరిత్ర రాయండి, బుధవారానికల్లా కావాలి" అన్నారు. మావాళ్లున్న మాట నిజమే. వాళ్లింట్లో ఒక పిల్లి ఉన్న మాటా నిజమే. ఆ పిల్లిని చేరేలోపు కొన్ని శతాబ్దాలు దాటాలి. త్వరగానే దాటేద్దాం.

బోర్నియో దీవిలోని సరావాక్ రాష్ట్రానికి రాజధాని కూచింగ్. మలయ్ భాషలో ఆ మాటకు పిల్లి అని అర్థం. ఊరి పేరు నిజంగా పిల్లి నుంచే వచ్చిందో, 'మాతా కూచింగ్', అంటే పిల్లికన్ను అనే పండు నుంచి వచ్చిందో, మన కొచ్చిన్ రేవు నుంచి కొట్టుకొచ్చిందో పండితులు ఇంకా తేల్చలేదు. ఊరివాళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు. 1988 ఆగస్టు 1న నగర హోదా వచ్చాక కూడళ్లలో పిల్లి బొమ్మలు వెలిశాయి. పడుంగన్ వీధిలోని తెల్లపిల్లికి పండగ పండగకీ కొత్త బట్టలు తొడుగుతారు. నగరపాలక భవనంలోనే పిల్లుల మ్యూజియం ఉంది. అందులో ఈజిప్టు నుంచి తెచ్చిన పిల్లి మమ్మీ కూడా ఉంది.

ఇక పాత చరిత్ర అంటారా, దొరికేది గుప్పెడు. మలయా దీవుల పిల్లులకు తోక పొట్టిగా, చివర ముడిపడి ఉంటుందని డార్విన్ రాసుకున్నాడు. పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటలకు మన కోస్తా జిల్లాల నుంచి కూలికి వెళ్లినవాళ్లు పిల్లిని చేరదీశారంటే అది ఎలుకల కోసమే. జబ్బు చేసిన పిల్లి సంగతి ఎవరూ రాయలేదు. అది మంచం కింద దూరేది, రెండు రోజులు ముద్ద ముట్టేది కాదు, మూడో రోజు కనిపించేది కాదు. ఏ శతాబ్దమైనా పిల్లి వైద్య చరిత్ర ఇంతే.

ఒకసారి మాత్రం పిల్లిని ప్రభుత్వం పట్టించుకుంది. 1950ల్లో మలేరియా దోమల మీద సరావాక్ ఇళ్ల గోడలకు డీడీటీ లాంటి మందులు కొట్టారు. ఒంటికంటిన మందును నాకి పిల్లులు చచ్చిపోయాయనీ, దాంతో ఎలుకలు పేట్రేగాయనీ చెబుతారు. 1960 మార్చిలో సింగపూర్‌లోని చాంగి స్థావరం నుంచి బ్రిటిష్ వాయుసేన విమానం కెలాబిట్ పీఠభూమిలోని బారియో ఊరికి సరుకులతో పాటు ఇరవై పైచిలుకు పిల్లుల్ని పారాషూట్లు కట్టి దించింది. తర్వాత చెప్పేవాళ్లు ఆ ఇరవైని పద్నాలుగు వేలు చేశారు. రాయలవారు ఎలుకల బాధకు ఇంటికో పిల్లినీ, దాని పాలకో ఆవునీ ఇచ్చిన కథ మనకు కొత్త కాదు. బారియో పిల్లులకు ఆవుల్ని మాత్రం దించలేదు. రాయలవారికైనా వాయుసేనకైనా పిల్లి అంటే జీతం లేని నౌకరు. నౌకరుకు జబ్బు చేస్తే ఇంకో నౌకరు.

బారియోలో పిల్లులు దిగిన మూడేళ్లకు, 1963లో, అమెరికాలోని బోస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు ఒక వింత జబ్బును గురించి రాసింది. పిల్లి చిన్న వయసులోనే చిక్కిపోతుంది, జ్వరం ఏ మందుకూ దిగదు, పొట్ట మాత్రం నీళ్లకుండలా ఉబ్బుతుంది. 1966లో దానికి 'ఫెలైన్ ఇన్‌ఫెక్షియస్ పెరిటోనైటిస్' అని పేరు పెట్టారు. పిల్లులవాళ్ల నోట అది ఎఫ్‌ఐపీ. కారణం ఒక కరోనా వైరస్ అని తర్వాత తేలింది. మనకు 2020లో పరిచయమైన కుటుంబమే, కొమ్మ వేరు.

ఇందులో తిరకాసు ఒకటుంది. ఈ కరోనా గుంపులో పెరిగే పిల్లుల్లో దాదాపు అన్నిటి పేగుల్లోనూ ఉంటుంది. రెండు రోజులు విరేచనాలు చేయించి ఊరుకుంటుంది. మలేషియాలోని పుత్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండు పెంపక కేంద్రాల్లో ఆరోగ్యంగా తిరుగుతున్న 44 పిల్లుల మలం పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించారు. నూటికి 84 పిల్లుల్లో వైరస్ ఉంది. పర్షియన్ జాతివాటిలో అయితే 96. వైరస్ ఉన్నవాటిలో ఏ కొద్దిపాటి పిల్లుల ఒంట్లోనో ఆ వైరస్ రూపు మార్చుకుని పేగు దాటుతుంది. రోగాన్ని మింగాల్సిన తెల్లకణాల్లోనే కాపురం పెడుతుంది. కాపలావాడి గదిలోనే దొంగ మకాం. ఒళ్లు ఎంత పోరాడితే రక్తనాళాలు అంత వాస్తాయి, నీరు అంత ఊరుతుంది. నీరు పట్టనిదైతే కళ్లకో మెదడుకో ఎక్కుతుంది. అయిదు దశాబ్దాల పాటు ఈ జబ్బు పేరు చెప్పిన డాక్టరు, ఆ వెంటనే నిద్రసూది మాట కూడా ఎత్తేవాడు.

ఇక్కడ నాకిష్టమైన ఘట్టం మొదలవుతుంది. సంపాదకులు క్షమించాలి, కొంచెం తీరిగ్గా చెబుతాను.

కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్ అనే పశువైద్యుడు విద్యార్థి దశ నుంచి దాదాపు యాభై ఏళ్లు ఈ ఒక్క జబ్బునే పట్టుకు కూర్చున్నాడు. రిటైరయ్యే వయసు దాటాక ఆయనకు గిలియడ్ కంపెనీ అలమరలోని ఒక పదార్థం దొరికింది. పేరు జీఎస్-441524. వైరస్ తన నకలు రాసుకునేటప్పుడు ఇది దొంగ అక్షరంలా దూరి రాతను ఆపేస్తుంది. జబ్బు అంటించిన పది పిల్లులకిస్తే పదీ కోలుకున్నాయి. 2019లో ఇళ్లలో జబ్బుపడిన 31 పిల్లుల ఫలితం వచ్చింది. అయిదు మొదట్లోనే పోయాయి, మిగిలిన 26లో 25 బయటపడ్డాయి. యాభై ఏళ్ల మరణశాసనం పన్నెండు వారాల సూదులతో చెల్లకుండా పోయింది.

మందుందని లోకానికి తెలిసింది, దుకాణంలో మాత్రం లేదు. ఆ పదార్థానికి రెమ్‌డెసివిర్ స్వయానా తోబుట్టువు. ఒంట్లోకి వెళ్లాక అదీ ఇదిగానే మారుతుంది. రెమ్‌డెసివిర్‌ను మనుషుల మందుగా నిలబెట్టే పనిలో ఉన్న కంపెనీ, పిల్లులకు దీన్ని అమ్మే అనుమతి ఎవరికీ ఇవ్వలేదు. పరిశోధన పత్రంలో సూత్రం అచ్చయి ఉంది. చైనాలో ఎవరెవరో తయారుచేయడం మొదలుపెట్టారు. మందు పేరులేని చిన్న సీసాలు పార్సిళ్లలో దేశదేశాలు తిరిగాయి. ఫోను గ్రూపుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లి బరువు అడిగి మోతాదు లెక్కగట్టేవారు.

2021 మే నెల గుర్తుందా? విజయవాడలో రెమ్‌డెసివిర్ కోసం మేం తెలిసిన ప్రతివాడికీ ఫోన్లు చేస్తున్న రోజులు. కౌలాలంపూర్ పక్కన పెటాలింగ్ జయా నుంచి మా అన్నయ్య కూతురు వీడియో కాల్ చేసింది. ఏడుస్తోంది. "బాబాయ్, ముత్యానికి పొట్టలో నీరు పట్టింది."

ముత్యం ఏడాది నిండని పిల్లి. మొదట చూపించిన చోట నులిపురుగుల మందిచ్చి పంపారట. రెండో డాక్టరు పొట్టలోంచి సూదితో నీరు తీశారు. పసుప్పచ్చగా, జిగురుగా, తేనెపాకంలా సాగింది. గాజు గొట్టంలో శుద్ధి చేసిన నీళ్లు పోసి, ఘాటైన వెనిగర్ ఆమ్లం ఒక్క చుక్క కలిపి, పైనుంచి ఆ పొట్టనీటి బొట్టు వదిలారు. మామూలు నీరైతే కలిసిపోవాలి. ఇది కలవలేదు. జెల్లీచేపలా తోకలాడిస్తూ మెల్లగా అడుక్కి దిగింది. రివాల్టా అనే ఇటలీ వైద్యుడి పేరు మోస్తున్న పాత పరీక్ష అది. అది ఒక్కటే జబ్బును తేల్చదు, కానీ రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది.

ఆ రాత్రే గ్రూపులో ఎవరో తమ దగ్గర మిగిలిన రెండు సీసాలు గేటు బయట పెట్టి వెళ్లారు. లాక్‌డౌన్ కాబట్టి మొహాలు కూడా చూసుకోలేదు. రోజుకో సూది, ఒకే వేళకు, 84 రోజులు. మందు ఆమ్లగుణం వల్ల లోపల మంట. అల్లుడు ముత్యాన్ని తువ్వాలులో తల ఒక్కటే బయటికుండేలా చుట్టి పట్టుకునేవాడు. అమ్మాయి మెడ వెనక చర్మం గుడారంలా ఎత్తి సూది గుచ్చేది. వారానికోసారి వంటింటి త్రాసులో తూచి, బరువు పెరిగితే మోతాదు పెంచేది. అయిదో రోజున జ్వరం దిగింది. రెండు వారాలకు పొట్ట తీసింది. గోడకున్న తెలుగు క్యాలెండరులో తేదీ తేదీకీ ఇంటూ గుర్తు పెట్టుకుంటూ వచ్చారు. వైశాఖంలో మొదలైన సూదులు శ్రావణంలో ముగిశాయి.

ఆ వేసవిలో నేను లెక్కలేసుకున్నాను. మేం అన్ని తిప్పలు పడి సంపాదించిన మందు మనుషుల మరణాలను పెద్దగా తగ్గించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలు అంతకుముందు ఏడాదే చెప్పాయి. దాని తోబుట్టువు పిల్లులకు సంజీవని అయింది. మనుషులకు చట్టం ఉంది, ఫలితం అంతంతమాత్రం. పిల్లులకు ఫలితం ఉంది, చట్టం లేదు.

ఇక్కడి నుంచి కథ వరసగా నడవదు. ముత్యం సూదులు పూర్తయిన ఆ ఆగస్టులోనే బ్రిటన్‌లో డాక్టరు చీటీ మీద ఈ తోబుట్టువు మందుల్ని పిల్లులకివ్వడం మొదలైంది. అమెరికాలో 2024 జూన్ దాకా ఆగాల్సివచ్చింది. 2023లో సైప్రస్ దీవిలో కుక్కల కరోనాతో కలిసిన కొత్త రకం పుట్టి, పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకింది. అక్కడి ప్రభుత్వం కోవిడ్ కోసం దాచిన మనుషుల మాత్రల్ని పిల్లులకిచ్చింది. నీరు పట్టిన రకానికి 84 రోజులెందుకు, 42 చాలునని మ్యూనిక్ పరిశోధకులు 2024లో చూపించారు. ఆ వార్త పంపితే మా అమ్మాయి చాలాసేపు జవాబివ్వలేదు. ఇక పిల్లుల నగరమున్న సరావాక్‌లో 2017 నుంచి రేబిస్ తిరుగుతోంది. దానికి టీకా తప్ప మందు లేదు, పిల్లికైనా మనిషికైనా.

ముత్యం ఇప్పుడు లావెక్కింది. బల్లి ఎదురుగా పాకినా కన్నెత్తి చూడదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలను చూసి పారిపోయినట్టు, ఇది తువ్వాలు చూస్తే మంచం కింద దూరుతుంది. అక్కడి నుంచి మళ్లీ బయటికి వస్తుంది, అదే తేడా.

పేరులేని ఆఖరి సీసా ఒకటి మా అమ్మాయి పోపులడబ్బా పక్కన దాచుకుంది. కూచింగ్ మ్యూజియంలో ఆ మమ్మీ పక్కన పెట్టాల్సింది ఇదే, వాళ్లకు పంపించమన్నాను.

"అది నేనివ్వను బాబాయ్" అంది.