ఎర్రగడ్డ గోడ, రెన్‌ఫీల్డు మొర

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో హైదరాబాదు బస్సెక్కి, కంది, రుద్రారము, పటాన్‌చెరువు కార్ఖానాలను దాటి పోవునప్పుడు, కండక్టరు "ఎర్రగడ్డ, ఎర్రగడ్డ" అని కేకవేయగనే ఎవడో ఒకడు పక్కవానిని మోచేతితో పొడిచి "నీ స్టేజి వచ్చింది, దిగు" అనుట నేనెన్నిసార్లో వింటిని. ఒకనాడు ఆ నవ్వులమధ్యనే ఒక తల్లి, మందుచీటీల ఫైలును ప్లాస్టికు సంచిలో పెట్టుకొని, ఎదిగిన కొడుకు చేయి పట్టుకొని, తల వంచుకొని అచ్చట దిగెను. ఆనాటినుండి ఆ పరిహాసము నాకు ములుకువలె గ్రుచ్చుకొనుచున్నది.

ఆ పరిహాసమునకు మూలమైన పిచ్చాసుపత్రి ఎర్రగడ్డకు వచ్చినది 1953లో. అంతకుముందు నిజాము రాజ్యమున అది మరాఠీ సీమయగు జాల్నాలో నుండెడిది. మెదకు ప్రాంతపు రోగిని అచ్చటికి పంపినచో, చూచివచ్చుటకు అయినవారు ఎంత దూరము పోవలెనో యోచింపుడు! బ్రిటిషు ఇండియాలోనో, 1858 నాటి చట్టమును, దాని స్థానమున 1912లో వచ్చిన చట్టమును మేజిస్ట్రేటు ఉత్తరువుతో మనిషిని లోపలికి పంపు మార్గమును ఏర్పరచినవి. లోపలికి పోయినవాని మాటకు విలువ యేమి?

ఈ ప్రశ్నకు 1897లో వెలువడిన బ్రామ్ స్టోకరు నవల 'డ్రాక్యులా'లో భయంకరమైన సమాధానము కలదు. రక్తపిశాచి కోటకంటె నన్నెక్కువగా కలచివేయునది పర్‌ఫ్లీటులోని సెవార్డు వైద్యుని ఉన్మాదాలయము. అందలి రోగి రెన్‌ఫీల్డు, చక్కెర వెదజల్లి ఈగలను పట్టి, వానిని సాలీళ్ళకును, సాలీళ్ళను పిచ్చుకలకును మేపుచు, చిన్న పుస్తకమున అంకెలు వేసి కూడికలు కట్టుచుండును. ఆ పుస్తకమును వైద్యుడు శ్రద్ధగా పరిశీలించి వ్యాధికొక క్రొత్త పేరు పెట్టును. గోడకు ఆవలి పాడుబడిన కార్‌ఫాక్స్ భవనమున పిశాచము దాగియున్నదని మొదట నెరిగినవాడు ఆ రోగియే. ఒక రాత్రి అతడు మోకరిల్లి, తన్నచ్చటినుండి వెంటనే పంపివేయుమని కన్నీటితో వేడుకొనగా, వైద్యుడు దానిని రోగలక్షణముగనే యెంచి పడకకు పొమ్మని గద్దించెను. తుదకు తన గదిలోనే అతడు నడుము విరిగి నెత్తుటిమడుగులో పడియుండెను.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 95వ సెక్షనున గొలుసులతో బంధించుటను నిషేధించినది. రెన్‌ఫీల్డు మొరను తలచుకొన్నచో నాకు అంతకంటె గొప్పదిగా తోచునది 5వ సెక్షను: తనకెట్టి చికిత్స వలయునో, ఎట్టిది వలదో మనిషి ముందుగనే కాగితముపై వ్రాసి యుంచవచ్చును, వైద్యుడు దానిని మన్నింపవలెను, కాదనదలచినచో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డునకు దరఖాస్తు చేసుకొనవలెను.