హావక్, లూటీ, కొల్ల: ఒక పదచరిత్ర

ఆంగ్లమున ‘హావక్’ అను మాట నేడు మిక్కిలి సామాన్యము. గాలివానకు రైళ్లు నిలిచినను, పసివాండ్రు ఇల్లంతయు చిందరవందర చేసినను ఆంగ్లము మాటాడువారు ఆ మాటయే వాడుదురు. విధ్వంసము, అస్తవ్యస్తత అని నిఘంటువులు దానికి అర్థము చెప్పును. పుట్టినప్పుడు మాత్రము అది యుద్ధభూమిలో వేయు కేక.

ప్రాచీన ఫ్రెంచి భాషలో దోపిడికి వాచకమైన పదమునుండి ఇది ఇంగ్లండు సేనలలో ప్రవేశించెను. ఈ కేక వినబడినంతనే సైనికులు వరుస విడిచి దోపిడికి దిగవచ్చును. 1385లో రెండవ రిచర్డు రాజు స్కాట్లండుపై దండెత్తినప్పుడు వెలువరించిన సైనికశాసనములలో ఈ కేక వేసినవానికి శిరచ్ఛేదము విధింపబడెను. గ్రామములపై దయచే చేసిన కట్టడి యనుకొనరాదు. గెలుపు తేలకముందే భటులు మూటలు కట్టుకొన మొదలిడినచో సేన చెదరునని భయము. 1599 ప్రాంతమున షేక్స్పియరు తన ‘జూలియస్ సీజరు’ నాటకములో ఆంటొనీచేత ఈ కేకను పలికించెను. 1611 నాటి బైబిలు అనువాదమునందు మాత్రము ‘నాశనము’ అను అర్థమే కానవచ్చును. క్రమముగా కేక మరుగుపడి కలవరమే మిగిలినది.

ధర్మపురివారికి ఈ పదముతో పని యేమని అడుగవచ్చును. మైసూరు పీఠభూమినుండి దిగువ మైదానమునకు దిగు కనుమలు బారామహలు సీమలో నుండుటయే ఆ సీమకు దురదృష్టమైనది. 1767లో మొదటి మైసూరు యుద్ధము మొదలుకొని 1792 శ్రీరంగపట్టణ సంధి వరకు హైదరు, టిప్పుల సేనలకును కుంపిణీ సేనలకును ఇది రహదారి. ఆ యుద్ధముల నాటి ఆంగ్లేయుల వ్రాతలలో మైసూరు ఆశ్వికులకు ‘లూటీవాలాలు’ అని పేరు. హిందూస్థానీలోని ‘లూట్’ ఇట్లు వారి భాషలో చేరి, పందొమ్మిదవ శతాబ్ది నడుమకు ఇంగ్లండులో ఇంటిమాట యైనది. ఎదుటివాడు చేసినది లూటీ. తాము చేసినదానికి వారి లెక్కలలో ‘ప్రైజు’ అని, అనగా బహుమానమని, మరియొక పేరు.

1799 మే 4న శ్రీరంగపట్టణము పడినప్పుడు ఈ భేదము స్పష్టముగా కనబడెను. ఆ రాత్రి సైనికులు ఊరిని దోచిరి. పిదప అధికారము చేపట్టిన ఆర్థరు వెల్లస్లీ కొందరిని ఉరితీయించి, కొందరిని కొరడాలతో కొట్టించి దోపిడి నాపెను. అటుపిమ్మట ఖజానాను లెక్కపెట్టి హోదా చొప్పున పంచిరి. సేనాని హారిసునకు లక్ష పౌనులకు పైగా ముట్టెను. సిపాయికి దక్కినది స్వల్పము. రిచర్డు రాజు శాసనమే నాలుగు వందల యేండ్లకు కావేరీ తీరమున అమలు జరిగినట్లు తోచును. అనుమతి లేని చేయి నేరము, అనుమతి గల చేయి వాటా.

1792లోనే బారామహలు కుంపిణీ పరమయ్యెను. అలెగ్జాండరు రీడునకు సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో ధర్మపురిలో నివసించి భూములు కొలిపించి శిస్తు కట్టించెను. లూటీకిని హెచ్చు శిస్తునకును గల భేదము కొలిపించినవానికి తెలిసినంతగా కట్టినవానికి తెలిసియుండదు.

మన భాషలో దోపిడికి ‘కొల్ల’ అని పేరు. తమిళమున ‘కొళ్ళై’, కన్నడమున ‘కొళ్ళె’. తీసికొనుట అను అర్థము గల ‘కొను’ ధాతువునకు ఇవి దగ్గర చుట్టములు. వెల యిచ్చి తీసికొనిన కొనుట, ఈయక తీసికొనిన కొల్ల. చిత్రమేమనగా, హావక్ కలవరముగా మారగా కొల్ల సమృద్ధిగా మారినది. దోచినవానికి లెక్క యుండదు గనుక లెక్కలేనిదెల్ల కొల్ల యైనది కాబోలు. ఈ అర్థము దోచుకొన్నవాని వాకిటనే పుట్టియుండవలెను. తమిళము మాత్రము రెండు వైపులను దాచుకొన్నది: మిక్కిలి అందము ‘కొళ్ళై అళగు’, మహమ్మారి ‘కొళ్ళై నోయ్’. ధర్మపురి తెలుగిండ్లలో పిల్లలు ఈ రెండు మాటలను వీధిలో వినుచు, మామిడి విరగకాచిన యేట ఇంటిలో ‘కాయలు కొల్లలు’ అనుటయు విందురు.