చాటింపు ఎప్పుడు వేయాలి?

నిజాం కాలంలో సర్కారు మాట మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెలకు డప్పు చాటింపుగా చేరేది. ఆ డప్పు కొట్టిన చేతులకు చాలాచోట్ల దక్కినది వెట్టిచాకిరియే. అయినా చాటింపుకొక మర్యాద ఉండేది: విషయం ఉంటేనే డప్పు మోగాలి.

మెట్‌పల్లికి ఉత్తరాన సాగే గోదావరి భద్రాచలం చేరేసరికి ఆ మర్యాద అంకెలుగా మారింది. నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. వరద తగ్గితే ఉపసంహరణ. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చినప్పుడు జనం ఊళ్ళు విడిచి కదిలినది ఈ అంకెలను నమ్మియే.

సాఫ్ట్‌వేరు లోకానికి ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 2001లో థాట్‌వర్క్స్ సంస్థ క్రూయిజ్‌కంట్రోల్‌ను విడుదల చేసింది. 2005లో కోసుకే కవాగుచి హడ్సన్‌ను వెలువరించారు. 2011లో అది జెంకిన్స్‌గా పేరు మార్చుకొంది. అందులోని ఈమెయిలు నియమం గమనించదగినది. కూర్పు విఫలమైన ప్రతిసారీ ఒక లేఖ. వైఫల్యం తర్వాత తొలి సఫలతకు మరొకటి, అనగా గండం గడిచిందని. అంతా సజావుగా సాగుతుంటే మౌనం.

కొత్త కూర్పు సర్వరుకు ఎక్కిన ప్రతిసారీ పదిమందికీ కబురు పంపే అమరికలు నేడు కోకొల్లలు. నాలుగు రోజులకే వాటిని ఎవరూ తెరిచి చూడరు. ఐదవనాడు నిజమైన వైఫల్యం ఆ గుంపులోనే మునిగిపోతుంది. 20 అడుగులకే హెచ్చరిక మోగించి ఉంటే, 53 నాడు గోదావరి ఒడ్డున ఎవరు కదిలేవారు?