తల్లిపక్షి వయస్సు – గ్రుడ్డు

తొలిసారి గ్రుడ్లు పెట్టు కోడిపెట్ట చిన్న గ్రుడ్లనే పెట్టుననియు, కొన్ని నెలలు గడచిన పిమ్మట అవి పెద్దవగుననియు కోళ్లను పెంచువారందరికిని తెలియును. కాని అడవిపక్షి వయస్సు తెలియుట ఎట్లు? పెక్కు జాతులలో మూడేండ్ల పక్షియు, పదేండ్ల పక్షియు చూపులకు ఒక్కటిగనే ఉండును.

ఈ చిక్కును విడదీసినది ఒక చిన్న కడియము. 1899లో డెన్మార్కు దేశమున మార్టెన్‌సెన్ అను ఉపాధ్యాయుడు, గోరువంకల కుటుంబమునకు చెందిన స్టార్లింగు పక్షుల కాళ్లకు అంకెలు గల అల్యూమినియం కడియములు తొడిగి విడిచెను. అంకె గల పక్షిని ఎన్నేండ్లకైనను గుర్తింపవచ్చును.

ఇంగ్లండులో నార్త్ షీల్డ్స్ రేవునందలి ఒక గిడ్డంగి కిటికీ అంచులపై కిట్టివేక్ అను సముద్రపక్షులు గూళ్లు కట్టుకొనెడివి. 1954 నుండి జాన్ కూల్సన్ వానికి కడియములు తొడిగి, ఏటేట పరిశీలించెను. వయస్సుతోపాటు గ్రుడ్డు వెడల్పు పెరుగునని 1963లో ఆయన ప్రకటించెను.

దీనికి కారణమేమి? అనుభవముతో తల్లి ఆహారసంపాదనలో ఆరితేరుట ఒకటి కావచ్చును. 1966లో జార్జి విలియమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మరియొక ఊహ చేసెను. ముందు ఇంకను ఎన్నో ఈతలు గల పడుచు పక్షి తన శక్తిని దాచుకొనుట మేలు. ఆయువు తీరవచ్చిన పక్షికి దాచుకొని ప్రయోజనము లేదు. 1981లో కాలిఫోర్నియా గల్ పక్షులలో ముసలి తలిదండ్రులే పిల్లల మేపునకు ఎక్కువ శ్రమించుచున్నట్లు వెల్లడియైనది.

అయితే ఇందొక మోసము కలదు. ఒక బడిలో వెనుకబడిన పిల్లలు మధ్యలో మానివేసినచో, పై తరగతి సగటు మార్కులు పెరిగినట్లు కాన్పించును. నిజమునకు ఏ ఒక్కరి మార్కులును పెరిగి ఉండకపోవచ్చును. పక్షులలోను అంతే. బలహీనులు ముందే చనిపోగా, మిగిలిన వృద్ధులు గట్టివారే. కావున పడుచువానిని, ముసలివానిని పోల్చిన చాలదు; ఒకే తల్లిని జీవితమంతయు వెంబడింపవలెను.

ఆక్స్‌ఫర్డు చెంత వైథమ్ వనమున 1947లో డేవిడ్ లాక్ ఆరంభించిన గ్రేట్ టిట్ పక్షుల పరిశీలన నేటికిని సాగుచున్నది. ఆ లెక్కలనుండి ఈ మోసమును తొలగించి చూడగా, తల్లి సామర్థ్యము సుమారు మూడేండ్ల వరకు పెరిగి, పిదప తగ్గునని 2009లో తేలినది.

అన్ని జాతులకు ముసలితనము ఒకే వయస్సున రాదు. 1956లో పసిఫిక్ సముద్రమందలి మిడ్వే దీవిలో కడియము తొడిగిన ‘విజ్‌డమ్’ అను ఆల్బట్రాస్ పక్షి, డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట, 2024 చివర మరల ఒక గ్రుడ్డు పెట్టినది. కడియమే లేకున్న ఆ తల్లి వయస్సు ఎవరికిని తెలిసెడిది కాదు.