వైఫై బటన్ వెనక ఉన్న కథ: లైనక్స్ ల్యాప్‌టాప్ నుంచి మీ ఫోన్ దాకా

 

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న బటన్ గురించి. ఫోన్ స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే కనబడే వైఫై బటన్. ఒకసారి తాకితే చాలు, కనెక్ట్ అయితది. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున నడిచేది లైనక్స్ కెర్నల్. ఇదే లైనక్స్‌ను 2004 ప్రాంతంలో ల్యాప్‌టాప్‌లో వేసుకున్నోళ్లకు వైఫై రావడం ఒక పెద్ద పని. కొందరికి రోజులు పట్టేది, కొందరికి అసలే వచ్చేది కాదు. చిప్ బాగానే ఉంది, సిగ్నల్ బాగానే ఉంది. మరి అడ్డం పడ్డదేంది?

అడ్డం పడ్డది ఒక కాగితం. ఆ చిప్‌తో ఎట్ల మాట్లాడాలో రాసి ఉన్న కాగితం. దాన్ని కంపెనీలు బయటికి ఇవ్వలేదు. ఈ చరిత్ర అంతా ఆ కాగితం చుట్టే తిరుగుతుంది.

ముందు డ్రైవర్ అంటే ఏంటో చూద్దాం. ఊరి చెరువు నిండా నీళ్లున్నా తూము తెరిస్తేనే పొలానికి పారుతాయి. వైఫై కార్డు చెరువు అనుకుంటే, డ్రైవర్ ఆ తూము. ఏ నంబర్ దగ్గర ఏ విలువ రాస్తే రేడియో మొదలవుతుంది, ఏ క్రమంలో రాస్తే చానెల్ మారుతుంది, ఇవన్నీ డ్రైవర్‌కు తెలియాలి. విండోస్ కోసం కంపెనీలే ఆ డ్రైవర్ రాసి సీడీలో ఇచ్చేవి. లైనక్స్ వాడేటోళ్లకు సీడీ లేదు, కాగితమూ లేదు.

కంపెనీలు చెప్పే కారణాలు రెండు. ఒకటి పోటీ: మా రహస్యం పక్కోనికి తెలుస్తుంది. రెండోది చట్టం: డ్రైవర్ కోడ్ బయట పెడితే జనం రేడియో పవర్ పెంచుతారు, అనుమతి లేని చానెళ్లలోకి పోతారు. ఈ రెండోది ఉత్త సాకు కాదు. మన దేశంలోనే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్స్ లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని నియమం వచ్చింది 2005 జనవరిలో. అందులో కూడా పవర్‌కు ఇంత అని హద్దు పెట్టారు. కాబట్టి రేడియో విషయంలో ప్రభుత్వాలు గట్టిగా ఉంటాయన్నది నిజం. కానీ దాన్ని చూపించి కొన్న మనిషికి తన మిషన్‌నే మూసేస్తే ఎట్ల?

తాళం తియ్యడానికి మూడు దారులు దొరికాయి.

మొదటి దారి అరువు తెచ్చుకోవడం. 2003లో ఎన్‌డిఐఎస్ ర్యాపర్ అనే ప్రోగ్రాం వచ్చింది. విండోస్ డ్రైవర్ ఫైల్‌నే తీసుకొచ్చి, లైనక్స్ లోపల "నువ్వు విండోస్‌లోనే ఉన్నవ్" అని దాన్ని నమ్మించడం దీని పని. దాని కోడ్ ఫైళ్ల మీద రెండు పేర్లు కనబడతాయి: పాంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని. ఆ రెండో ఇంటిపేరు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఈ ప్రోగ్రాంతో మస్తు మంది ల్యాప్‌టాప్‌లలో వైఫై వెలిగింది. అయితే లోపల నడిచేది ఎవరూ చదవలేని కోడ్. అది క్రాష్ అయితే బాగుచేసే దారి లేదు. అందుకే ఎన్‌డిఐఎస్ ర్యాపర్ ఎక్కితే కెర్నల్ తనకు మైల అంటిందని గుర్తు పెట్టుకునేది.

రెండో దారి కాగితాన్ని మనమే రాసుకోవడం, అంటే రివర్స్ ఇంజినీరింగ్. 2004లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో యూనిక్స్ తరహా సిస్టం కోసం రేక్ ఫ్లోటర్ అనే డెవలపర్ ఎథెరోస్ చిప్‌ల రహస్యాన్ని ఇట్లనే విప్పాడు. ఆ పని ఆధారంగానే తర్వాత లైనక్స్‌కు ఏటీహెచ్5కే డ్రైవర్ వచ్చింది.

బ్రాడ్‌కామ్ కథ ఇంకా విచిత్రం. 2003 నాటికే లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లోపల బ్రాడ్‌కామ్ చిప్ లైనక్స్ మీదనే నడుస్తోంది. కంపెనీ దగ్గర లైనక్స్‌కు పనికొచ్చే కోడ్ ఉందన్నమాట. అయినా ల్యాప్‌టాప్ కొన్నోళ్లకు ఇయ్యలేదు. దాంతో కొందరు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ ఫైల్‌ను విప్పి చూసి, చిప్ ఎట్ల పనిచేస్తదో మాటల్లో రాసింది. రెండో జట్టు ఆ ఫైల్‌ను ముట్టుకోకుండా, ఆ రాత మాత్రమే చదివి కొత్త కోడ్ రాసింది. రేపు కాపీ కొట్టారని ఎవరూ అనకుండా ఈ జాగ్రత్త. 2006 జూన్‌లో ఆ డ్రైవర్ కెర్నల్ 2.6.17లో చేరింది.

అయినా ఒక ముడి మిగిలింది. చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాంను ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని పంచే హక్కు లైనక్స్ పంపిణీదారులకు లేదు. ఎవరికి వాళ్లు కంపెనీ డ్రైవర్ దించుకొని, అందులోంచి ఫర్మ్‌వేర్ కోసి తీసుకోవాలి. దించుకోవాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి! పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్టు.

పెద్ద సిటీలో ఇంట్లో కేబుల్ ఉన్నోనికి ఇది పది నిమిషాల చికాకు. మన దిక్కు సంగతి వేరు. నేను బీటెక్ చదివిన రోజుల్లో కూడా హాస్టల్ రూంలో కేబుల్ లేదు. సీనియర్ల దగ్గర కొన్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తే వైఫై గుర్తే కనబడకపోయేది. ఫోన్‌ను వైరుతో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, డేటా ప్యాక్ ఖర్చు పెట్టుకొని ఫర్మ్‌వేర్ దించుకునేటోళ్లం. ఫోన్ కొనలేని దోస్తు ఎవరి పెన్‌డ్రైవ్ కోసమో ఎదురుచూసేటోడు. ఒక కాగితం తాళం వేసి ఉంటే దాని బరువు చివరికి ఎవరి మీద పడుతుందో అక్కడ నాకు అర్థమైంది.

మూడో దారి, కంపెనీలే తలుపు తియ్యడం. ఇంటెల్ 2003లో సెంట్రినో ల్యాప్‌టాప్‌లు తెచ్చింది, మరుసటి ఏడు లైనక్స్ డ్రైవర్ పని మొదలుపెట్టింది. 2007లో మ్యాక్80211 అనే ఉమ్మడి భాగం కెర్నల్ 2.6.22లో చేరింది. అంతకు ముందు ప్రతి డ్రైవర్ అదే పనిని మళ్లీ మళ్లీ రాసుకునేది. 2008లో ఎథెరోస్ తన ఏటీహెచ్9కే డ్రైవర్‌ను తానే విడుదల చేసింది. 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ కూడా కొత్త చిప్‌లకు ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది. మరి చట్టం భయం? దానికి లైనక్స్ వాళ్లు దేశాల వారీగా చానెళ్ల, పవర్ హద్దుల పట్టిక తయారుచేశారు. అందులో ఇండియాకూ ఒక వరుస ఉంది. హద్దు పాటించడానికి రహస్యం అక్కర్లేదని తేలిపోయింది.

ఇప్పుడు మన ఇంటి ముచ్చట. వెంకట్ మట్టెల 2001లో స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ అనే కంపెనీ ఆఫీసు అమెరికాలో, డిజైన్ సెంటర్ హైదరాబాద్‌లో. వాళ్లు వైఫై చిప్‌లే చేసేవాళ్లు. తమ డ్రైవర్‌ను వాళ్లే కెర్నల్‌కు పంపారు. ఎవరూ విప్పి చూడాల్సిన పని పడలేదు, రెండు జట్లు అవసరం రాలేదు. ఆ డ్రైవర్ ఉన్న కెర్నల్ 3.15 విడుదలైంది 2014 జూన్ 8న. తెలంగాణ ఏర్పడి ఆరు రోజులు. ఊకె కలిసొచ్చిన తేదీయే, కానీ నాకైతే గుర్తుండిపోయింది. 2020లో సిలికాన్ ల్యాబ్స్ ఆ వైర్‌లెస్ వ్యాపారాన్ని 308 మిలియన్ డాలర్లకు కొన్నది. కోడ్ మాత్రం అందరి సొత్తుగా కెర్నల్‌లో చేరిపోయింది. ఆదిలాబాద్‌లో కూర్చున్న పిల్లగాడు కూడా దాన్ని తెరిచి చదవొచ్చు.

మీ ఫోన్‌లోకి కూడా ఈ చరిత్ర వచ్చింది. వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి నెట్‌వర్క్‌లో చేరే పనిని ఆండ్రాయిడ్‌లో చేసేది డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రాం. లైనక్స్ ల్యాప్‌టాప్‌లలో ఏళ్ల తరబడి వాడినదే అది.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అని అడుగుతం కదా, జర వైఫై చిప్ ఎవరిది అని కూడా అడగండి. లైనక్స్ వేద్దామనుకుంటే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై వస్తుందో లేదో చూసుకొని తర్వాత ఇన్‌స్టాల్ చెయ్యండి. రాకపోతే ఫోన్, వైరు, టెథరింగ్ ఉన్నాయి. మీరు ఏ కార్డుతో తిప్పలు పడ్డారో, ఎట్ల బయటపడ్డారో కామెంట్‌లో రాయండి, ఇంకొకరికి పనికొస్తది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.