ఆత్మగౌరవం - సామాజిక సంజ్ఞానం

మనిషి ఇతరులను, ఇతరుల దృష్టిలో తనను అర్థం చేసుకొనే మానసిక ప్రక్రియను సామాజిక సంజ్ఞానం అంటారు. తన విలువను గురించి వ్యక్తి ఏర్పరచుకొన్న భావన ఆత్మగౌరవం. రెండవది చాలావరకు మొదటిదానిపై ఆధారపడి ఉంటుంది.

సిద్ధాంతాలు

1902లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ సమాజాన్ని అద్దంతో పోల్చాడు. ఇతరులు తనను గూర్చి ఏమనుకొంటున్నారో ఊహించుకొని, దానినిబట్టి మనిషి గర్వాన్ని గాని, సిగ్గును గాని పొందుతాడని వివరించాడు. 1954లో లియాన్ ఫెస్టింజర్ సామాజిక పోలిక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దీని ప్రకారం, సరైన కొలమానం లేనపుడు మనిషి తోటివారితో పోల్చుకొని తన సామర్థ్యాన్ని అంచనా వేసుకొంటాడు.

కులం ప్రభావం

ఉత్తర ప్రదేశ్ గ్రామాలలో కార్లా హాఫ్, ప్రియాంక పాండే జరిపిన ప్రయోగం 2006లో ప్రచురితమైంది. ఇందులో బాలురకు దారి కనుగొనే చిక్కుప్రశ్నలు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనపుడు దళిత, అగ్రకుల బాలురు దాదాపు సమానంగా రాణించారు. అందరి ఎదుట కులాన్ని ప్రకటించినపుడు దళిత బాలుర ఫలితాలు తగ్గాయి. వారి తెలివి మారలేదు, తమను ఎలా చూస్తారన్న ఊహ మాత్రమే మారింది.

తెలంగాణలో

సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా 2012 నుండి 2021 వరకు పనిచేసిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, విద్యార్థులలో "స్వేరో" అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. కులాన్ని గుర్తుచేసే పేర్లకు బదులు గౌరవాన్నిచ్చే గుర్తింపు కల్పించడం దీని ఉద్దేశం. తాము ఎవరికంటే తక్కువ కాదన్నది విద్యార్థులు పఠించే పది సూత్రాలలో మొదటిది. 2014 మే 25న ఈ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు.

అయితే పేరు మార్పు ఒక్కటే చాలదు. కూలీ చెప్పిన అద్దం, అనగా చూసేవారి దృష్టి కూడా మారవలసి ఉంటుంది.